ఉడుకు నీళ్ళు సన్నగా వస్తుంటే ఏం చూడాలి?

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం సంగతి, వైద్య ఖర్చుల సంగతి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన అంశం చాలా చిన్నది. స్నానాల గదిలో చన్నీళ్ళ కుళాయి ధారగా వస్తుంది, ఉడుకు నీళ్ళ కుళాయి మాత్రం దారంలా వస్తుంది. ఎందువల్ల? మనం ఏం చూసుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు? ఇంతే విషయం. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. అయితే నీళ్ళకు సంబంధించిన ఆఫీసులో కొంతకాలం పనిచేసినందువల్ల అంచనాలు, కొలతల పుస్తకాలు తిరగేసే అలవాటు ఉంది. ఆ అలవాటుతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు మన నీళ్ళ సంగతి చెప్పాలి. అటు నల్లమల, ఇటు ఎర్రమల, మధ్యలో కుందూ లోయ. ఈ లోయ అడుగున ఉన్నది చాలా భాగం సున్నపురాయి, పలకరాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాళ్ళకు మన ఊళ్ళ పేర్లే పెట్టారు. నంద్యాల పలకరాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, పాణ్యం ఇసుకరాయి అని వారి పుస్తకాల్లో ఉంటాయి. సిమెంటు ఫ్యాక్టరీలు మన ప్రాంతానికి వచ్చింది ఈ రాయి కోసమే. ఇలాంటి నేలలో బోరు వేస్తే వచ్చే నీటిలో సున్నం కరిగి ఉంటుంది. కాబట్టే సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, స్టీలు చెంబుకు తెల్లటి మచ్చలు పడతాయి. త్రాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకూ సహించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. కె.సి. కాలువ, తెలుగుగంగ తెచ్చే నీళ్ళు నది నీళ్ళు, బోరు నీళ్ళతో పోలిస్తే సాధారణంగా మెత్తన. కుళాయి నీళ్ళు ఒక సంపులో, బోరు నీళ్ళు ఇంకో సంపులో పెట్టుకునే ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి. అలాంటి వారు గీజరుకు ఏ నీళ్ళు పోతున్నాయో ఒకసారి చూసుకోండి. తాగడానికి మంచినీళ్ళు, మిద్దె మీది ట్యాంకుకు బోరు నీళ్ళు అని ఏర్పాటు చేసుకున్న ఇళ్ళలోనే ఈ ఇబ్బంది ఎక్కువ.

ఈ సున్నం ఉడుకు నీళ్ళ దారినే ఎందుకు పట్టుకుంటుంది? దీనికి మన జిల్లాలోనే పెద్ద నిదర్శనం ఉంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు మీలో చాలామంది చూసే ఉంటారు. 2002లో ప్రజలకు తెరిచారు, 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు మన లెక్కలోకి వచ్చాయి. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ పులుపుతో సున్నపురాయిని కరిగించుకుంటూ పోతుంది. అలా తొలిచినవే ఆ గుహలు. అదే నీరు గుహ పైకప్పు నుండి బొట్టు బొట్టుగా కారేటప్పుడు ఆ వాయువు గాలిలోకి పోతుంది, కరిగిన సున్నం తిరిగి రాయిగా మారి ఊడల్లా వేలాడుతుంది. గీజరులోనూ జరిగేది ఇదే. కాకపోతే గుహలో వేల ఏళ్ళు పట్టే పనిని గీజరు తన వేడితో నెలల్లో చేసేస్తుంది. ఉప్పు, చక్కెర వేడి నీటిలో బాగా కరుగుతాయి గనుక అన్నీ అంతే అనుకుంటాము. సున్నం తీరు దానికి విరుద్ధం. నీళ్ళు కాగేకొద్దీ అది విడిపోయి గీజరు కాయిల్‌కూ, గొట్టానికీ, వాల్వుకూ అంటుకుంటుంది.

గుమాస్తా లెక్క ఒకటి చెబుతాను. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్ళనుకోండి. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో రోజుకు 50 లీటర్లు గీజరు గుండా పోతాయనుకుందాం. రోజుకు 25 గ్రాములు, ఏడాదికి 9 కిలోల పైచిలుకు సున్నం ఆ గీజరులోనుండి ప్రయాణం చేస్తుంది. అందులో యాభయ్యో వంతు మాత్రమే లోపల దిగబడినా 180 గ్రాములు. అర అంగుళం గొట్టానికి, అంతకంటే సన్నని వాల్వుకు అది తక్కువేమీ కాదు. మన ప్రాంతం ఒక్కటే కాదు లెండి. లండన్‌లో నీళ్ళు కాచే కెటిల్‌కు ఇదే పొక్కు కడుతుంది. అక్కడి నీళ్ళూ సుద్దరాయి నేలలోనివే.

రెండో సంగతి ఎత్తు. చాలా పాశ్చాత్య దేశాల్లో వీధి గొట్టంలోనే నీటికి గట్టి తోపుడు ఉంటుంది. మనకు తోపుడంటే మిద్దె మీద ట్యాంకు ఎంత ఎత్తున ఉందో అంతే. 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పీడనం వస్తుంది. ఒకటే అంతస్తు ఇంట్లో షవరుకూ ట్యాంకు అడుగుకూ మధ్య 2 మీటర్లు ఉంటే గొప్ప. అంటే 200 గ్రాములు. అంత మెతక తోపుడుకు చిన్న అడ్డం వచ్చినా ధార పడిపోతుంది. గొట్టం లోపలి వెడల్పు సగానికి తగ్గితే అదే తోపుడుకు నీళ్ళు సగం వస్తాయనుకోకండి, అయిదో వంతు కూడా రావు.

ఇక పరీక్ష. ఆఫీసులో ఫైలు కదలకపోతే ఏం చేసేవాళ్ళం? ఎవరి టేబుల్ దగ్గర ఆగిందో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయేవాళ్ళం. నీళ్ళకూ అదే పద్ధతి. ముందు పది లీటర్ల బకెట్టు, గడియారం తీసుకోండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పూర్తిగా తిప్పి ఎన్ని సెకన్లకు నిండిందో కాగితం మీద రాయండి. గీజరు స్విచ్ ఆపేసి ఉడుకు నీళ్ళ కుళాయికి కూడా అలాగే రాయండి. రెండూ నెమ్మదిగా ఉంటే గీజరు దోషం కాదు, ట్యాంకు వైపు చూడాలి. ఉడుకు నీళ్ళ వైపే నెమ్మదిగా ఉంటే ఇంట్లో ఉన్న ఉడుకు నీళ్ళ కుళాయిలన్నీ అలాగే ఉన్నాయా, ఒక్కటేనా అని చూడండి. ఒక్కటే అయితే దోషం ఆ కుళాయిలోనే. దాని మూతికున్న జల్లెడలో, షవరు రంధ్రాల్లో, మిక్సరు లోపల, లేదా గోడ దగ్గరి యాంగిల్ కాక్‌లో. అన్నీ సన్నగా ఉంటే గీజరు దగ్గరో, దానికి నీళ్ళు తెచ్చే దారిలోనో, వాల్వులోనో ఉంది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా మెకానిక్‌ను పిలిస్తే, ఆయన చెప్పిందే వేదం అవుతుంది.

ధార బాగా మొదలై గురగురమని తుపుక్ తుపుక్‌మంటూ సన్నబడితే గొట్టంలో గాలి చిక్కిందని అర్థం. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడు, ట్యాంకు కడిగించిన మర్నాడు ఇది కనబడుతుంది. మిద్దె మీద గొట్టం లేచి దిగే చోట గాలి గూడు కట్టుకుంటుంది. ఇంట్లో అన్నిటికంటే కిందనున్న ఉడుకు నీళ్ళ కుళాయి ముందు తిప్పి, తర్వాత మిగిలినవీ తిప్పి కొంతసేపు వదిలేస్తే చాలావరకు పోతుంది. మాటిమాటికీ వస్తుంటే ఆ వంపు దగ్గర పైకి చిన్న గాలి గొట్టం పెట్టించాలి.

ఆళ్ళగడ్డలో మా అక్క ఇంటి సంగతి చెబితే మిగతాది బాగా అర్థమవుతుంది. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. పిల్లలు దూరాన ఉన్నారు. ఒంటరిగా ఉంటుంది. నంద్యాల నుండి సుమారు 40 కిలోమీటర్లే గనుక నేను అప్పుడప్పుడూ పోయి వస్తుంటాను. ఒక చలికాలం పోయినప్పుడు, "ఏం నాయనా, ఈ గీజరు నీళ్ళు చెంబు నిండేలోపల చన్నీళ్ళయిపోతున్నాయి" అంది. మొదట వచ్చిన మెకానిక్ గీజరును విప్పి కూడా చూడకుండా, "ఇది పాతబడింది అవ్వా, కొత్తది ఏసుకోండి" అన్నాడట. రెండో అతను నేనున్నప్పుడే వచ్చాడు. గీజరు కింద చన్నీళ్ళు లోపలికి పోయే చోట ఒక ఇత్తడి వాల్వు ఉంటుంది. దాన్ని చూపించి, "సార్, దీంట్లోనే నీళ్ళు పట్టుకుంటాయి. దీన్ని తీసి నేరుగా గొట్టం కలిపేస్తే ధార బాగా వస్తుంది" అన్నాడు.

అతను చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. తీసేస్తే నీళ్ళు బాగానే వస్తాయి. అందుకే ఆ మాటకు చాలామంది సరేనంటారు. కానీ ఆ వాల్వు ఎందుకుందో చూడండి. అది రెండు పనులు చేస్తుంది. గీజరులోకి పోయిన నీళ్ళను వెనక్కి రానివ్వదు. లోపల పీడనం హద్దు దాటితే కొంచెం నీటిని బయటికి వదులుతుంది. గది నీళ్ళు 60 డిగ్రీలకు కాగితే 15 లీటర్ల నీళ్ళు ఉబ్బి ఇంచుమించు ఒక గ్లాసు ఎక్కువవుతాయి. ఆ గ్లాసుడు నీళ్ళు ఎక్కడికో పోవాలి గదా. గీజరు వేసినప్పుడు వాల్వు నుండి బొట్లు కారేది ఇందుకే. అది చెడిపోయిన గుర్తు కాదు, పనిచేస్తున్న గుర్తు. ఆ బొట్లు చూసి రంధ్రానికి ఎంసీల్ పెట్టినవారూ, పుల్ల గుచ్చినవారూ ఉన్నారు. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. థర్మోస్టాట్ చెడి నీళ్ళు మరిగిపోతూ, వచ్చే దారి సున్నంతోనో మూసిన కాక్‌తోనో బంద్ అయి, కుళాయిలన్నీ కట్టేసి ఉంటే, ఆ పీడనానికి వేరే దారి ఉండదు. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు అడుగుతుంది. గీజరు తలకు పైన వేలాడుతుంటుంది, కింద మనం స్నానం చేస్తుంటాం. వెనక్కి పోకుండా ఆపేది లేకపోతే ఇంకో చిక్కు. ట్యాంకు ఖాళీ అయినప్పుడు గీజరులో నీళ్ళు కూడా వెనక్కి దిగిపోయే అవకాశం ఉంది. అది తెలియక స్విచ్ వేస్తే కాయిల్ ఎండు మీద కాలిపోతుంది.

కనుక తీయించలేదు. మెయిన్ దగ్గర ఎం.సి.బి. ఆపించి, యాంగిల్ కాక్ కట్టి, గీజరుకు పోయే అల్లిక గొట్టాన్ని విప్పి బకెట్టులో పెట్టి కాక్ తిప్పించాను. నీళ్ళు ధారగా పడ్డాయి. అంటే అక్కడిదాకా అడ్డం లేదు. తర్వాత వాల్వు విప్పించి వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి పలుకులు గట్టిగా మేట వేసి ఉన్నాయి, ఆవగింజంత సందు మిగిలింది. కొత్త వాల్వు, అదే రకం, గీజరు పలక మీద రాసిన పీడనానికి సరిపోయేది వేయించాము. గీజరు ధరలో అది ఏ మూలకూ రాదు. అంతకుముందు ఉడుకు నీళ్ళ బకెట్టుకు 4 నిమిషాలు పట్టేది, చన్నీళ్ళకు 70 సెకన్లు. మార్చిన తర్వాత ఉడుకు నీళ్ళకు 90 సెకన్లు. ఆ 20 సెకన్ల తేడా గీజరు లోపల తిరిగి వచ్చే దారి వల్ల, అది సహజం.

మెకానిక్ పనిమంతుడే, చెబితే చక్కగా చేశాడు. అడిగేవారు ఉండాలి, అంతే.

వాల్వు బాగుండీ ధార సన్నగా ఉంటే గీజరు లోపల సున్నం పేరుకుని ఉంటుంది. కాగేటప్పుడు కటకట, బుడబుడ శబ్దం వస్తుంటే, నీళ్ళు కాగడానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతుంటే అదే అనుమానం. కాయిల్ మీద పొక్కు దుప్పటి కప్పినట్లు వేడిని నీళ్ళకు పోనివ్వదు, కరెంటు మాత్రం కాలుతూనే ఉంటుంది. ఇది మెకానిక్ చేత విప్పించి గీకించవలసిన పని. అప్పుడే లోపల ఉండే మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. తుప్పు తొట్టెను తినకుండా తానే అరిగిపోయే కడ్డీ అది. అరిగి సన్నదైపోతే మార్చాలి. పెన్షనుకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాము గదా, గీజరుకూ ఏటా ఒకటి తీసుకుంటే తప్పులేదు.

షవరు, కుళాయి జల్లెడ మాత్రం ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చు. కిరాణా కొట్టులో నిమ్మఉప్పు దొరుకుతుంది. లీటరు వెచ్చని నీళ్ళలో రెండు చెంచాలు కలిపి, విప్పిన వాటిని రాత్రంతా నానేస్తే పొక్కు వదులుతుంది, పాత టూత్‌బ్రష్‌తో తోమితే పోతుంది. తెల్లటి పలుకు మీద నిమ్మరసం పిండితే బుసబుసమని నురగ వస్తే అది సున్నం. నురగ రాకుండా ఎర్రగా ఉంటే తుప్పు. అప్పుడు పాత ఇనుప గొట్టాలనే అనుమానించాలి, వాటిని కడిగి ప్రయోజనం లేదు, మార్చాల్సిందే. బాత్రూములు కడిగే యాసిడ్ గీజరులో పోయించవద్దు. అది సున్నంతో పాటు లోహాన్నీ తింటుంది. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో దాన్ని పీల్చడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

గొట్టం మార్చేటప్పుడు ఖర్చు కలిసొస్తుందని ఉడుకు నీళ్ళకు మామూలు పి.వి.సి. గొట్టం వేస్తుంటారు. వేడికి అది మెత్తబడి, వంగి, సన్నబడుతుంది. ఉడుకు నీళ్ళకు సి.పి.వి.సి. అని వేరే ఉంది. గొట్టం మీదే అచ్చు వేసి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదివి వేయించండి.

ధార సన్నబడితే ఒంటికి కూడా ముప్పు ఉంది. ఉడుకు నీళ్ళు సన్నగా వస్తున్నాయని చన్నీళ్ళను కూడా సన్నగా తిప్పుతాము. మధ్యలో ఇంకెవరో వంటింట్లో కుళాయి తిప్పితే చన్నీళ్ళు తగ్గి, ఉడుకు నీళ్ళే నెత్తిన పడతాయి. 50 డిగ్రీల నీళ్ళయితే చర్మం కాలడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. 60 డిగ్రీలయితే అయిదారు సెకన్లు చాలు. వయసు మీరిన చర్మానికి అంత కూడా అక్కరలేదు. షుగరు ఉన్నవారికి కాలికి వేడి తెలియకపోవచ్చు కూడా. మన అమ్మలు అండాలో నీళ్ళు కాచి పోసిన రోజుల్లో బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత ఉడుకు నీళ్ళు కలిపేవారు. ఇప్పుడూ అదే పద్ధతి. షవరు కింద నిలబడటం కంటే ముక్కాలి పీట మీద కూర్చుని చెంబుతో పోసుకోవడం మన వయసుకు ఎంతో నయమని నా అభిప్రాయం. షవరు కావాలనే మనవళ్ళ కోసం వాల్వు మార్పించుకోండి.

గ్యాసు గీజరు వాడేవారికి ఒక మాట. నీళ్ళ తోపుడు చాలకపోతే అది అసలు వెలగదు. నీళ్ళు లోపలికి పోయే చోటనున్న జల్లెడ ముందు కడిగి చూడండి. దానికంటే ముఖ్యం, గ్యాసు గీజరు మూసిన బాత్రూములో ఉండకూడదు. గాలి చాలనప్పుడు గ్యాసు అరకొరగా మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. చలికి కిటికీ మూసుకుని స్నానం చేసే వయసు మనది. గీజరును బయటి వరండాలో పెట్టించి, గొట్టం మాత్రమే లోపలికి తెప్పించుకోండి. సోలారు పెట్టుకున్నవారు చన్నీళ్ళ ట్యాంకు అడుగు సోలారు తొట్టె పైభాగం కంటే ఎత్తుగా ఉందో లేదో చూసుకోండి. మన ఊళ్ళ ఇళ్ళ మీద పెట్టే మామూలు సోలారుకు పైకి లేచి ఉండే గాలి గొట్టాన్ని, దుమ్ము పడుతుందని మూయకండి.

చివరగా ప్రెషర్ పంపు. అడ్డం తొలగించకుండా పంపు పెట్టడమంటే మూసిన తలుపును ఏనుగు చేత తోయించడమే. గొట్టాల అతుకులు, గీజరు తొట్టె ఆ తోపుడు తట్టుకోవాలి. గీజరు పలక మీద రేటెడ్ ప్రెషర్ అని ఉంటుంది, అది చూడకుండా పంపు కొనవద్దు. అంతకంటే తేలిక మార్గం ట్యాంకును ఎత్తడం. ఇప్పుడు 2 మీటర్ల ఎత్తున ఉంటే స్టాండు వేసి 3.5 మీటర్లు చేస్తే ధార ఇంచుమించు మూడో వంతు పెరుగుతుంది. కాకపోతే వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు. పాత మిద్దె నడిమధ్యన పెట్టకూడదు, గోడ మీదనో స్తంభాల మీదనో బరువు పడేట్లు మేస్త్రీకి చూపించి పెట్టించాలి.

ఆళ్ళగడ్డ మిత్రులకు బస్సు వేళవుతోంది. ఇంట్లో ఇబ్బంది ఉన్నవారు ఆ రెండు బకెట్ల లెక్క, గీజరు పలక మీది వివరాలు కాగితం మీద రాసుకుని వచ్చే సమావేశానికి తెండి. కలిసి చూద్దాం.